మునుగుచున్న మోటారు కంపెనీకి ప్రజాధనమా?

హబ్సిగూడ కూడలినుండి నాచారము దారి పట్టినవారికి ఇండ్లవరుసల వెనుకనే పారిశ్రామికవాడ ఎదురగును. లేతు మిషను తిరుగు రొద, వెల్డింగు వెలుగు, ఇనుపరజనుతో కలిసిన నూనె వాసన – నాచారమునకు, దాని నానుకొనియున్న మల్లాపురమునకు, మౌలాలికి, ఇటు ఉప్పలుకు ఇవియే ఆనవాళ్ళు. పెద్ద ఫ్యాక్టరీ పేరు బోర్డుమీద నుండును. ఆ ఫ్యాక్టరీకి కావలసిన బుష్షు, షాఫ్టు, బ్రాకెట్టు ఇట్టి చిన్న షెడ్లలో టర్నరు చేతిమీదుగా తయారగును. కారు కొనువాడు ఈ షెడ్డును చూడడు. కాని కారు కంపెనీ కూలినప్పుడు మొట్టమొదట చీకటిపడునది ఈ షెడ్డులోనే.

ఈ సంగతి మనసున నుంచుకొని ఒక ప్రశ్నను విచారింతము. మోటారు వాహనములను తయారుచేయు కంపెనీ నష్టములపాలై మూతపడు స్థితికి వచ్చినచో, ప్రభుత్వము పన్నుల సొమ్ముతో దానిని నిలబెట్టవలెనా, వలదా?

నిలబెట్టవలెననువారు కార్మికుని ముఖము చూపుదురు. వలదనువారు పన్ను కట్టినవాని జేబు చూపుదురు. నిజమునకు వీరిరువురు వేర్వేరు మనుష్యులు కారు. నాచారములో ఫిట్టరుగా పనిచేయువాడు సబ్బుబిళ్ళ కొన్నను, చెప్పులు కొన్నను పన్ను చెల్లించుచునే యున్నాడు. అతని కుడిచేతి సొమ్ము అతని ఎడమచేతికే చేరుచున్నదా, లేక నడుమ మరియొకని జేబులోనికి జారిపోవుచున్నదా అనునదియే అసలు ప్రశ్న.

'కంపెనీని కాపాడుట' అను మాట వినుటకు సులభముగా నున్నది. కాని కంపెనీ అనునది ఒక్క వస్తువు కాదు. అందు నాలుగు తెగలవారి సొత్తు ఇమిడియున్నది. మొదటివారు వాటాదారులు, లాభము వచ్చినప్పుడు పంచుకొనుటకై డబ్బు పెట్టినవారు. రెండవవారు అప్పిచ్చిన బ్యాంకులవారు. మూడవవారు కార్మికులు, వీరి పెట్టుబడి వీరి చేతిపని, వీరి వయస్సు. నాలుగవవారు సరుకు అరువిచ్చి బిల్లుకొరకు ఎదురుచూచు చిన్న షెడ్లవారు. ప్రభుత్వము ఇచ్చు రూపాయి ఈ నలుగురిలో ఎవరిని చేరునో తేల్చుకొనకుండ 'ఇయ్యవలెను', 'ఇయ్యరాదు' అని వాదించుట గాలిలో కత్తి త్రిప్పినట్లే.

మన నగరముననే దీనికి చక్కని నిదర్శనము కలదు. 1942లో నిజాము ప్రభుత్వపు పారిశ్రామిక ధర్మనిధియు, అల్లావుద్దీన్ అండ్ కంపెనీయు కలిసి హైదరాబాదు ఆల్విన్ సంస్థను స్థాపించినవి. నగరమునకు ఆవలివైపున, సనత్‌నగర్ ప్రాంతమున, ఆ సంస్థ బస్సుల బాడీలు కట్టినది, రిఫ్రిజిరేటర్లు చేసినది, పిమ్మట జపాను సీకో సంస్థ సహకారముతో చేతిగడియారములు చేసినది. ఆల్విన్ రిఫ్రిజిరేటరు ఇంటికి వచ్చిన దినమును పండుగవలె తలచుకొను కుటుంబములు నేటికిని మన శ్రోతలలో నుండవచ్చును. రాష్ట్ర ప్రభుత్వ సంస్థగా నున్న కాలముననే, 1980ల దశకములో, జపాను నిస్సాన్ సంస్థ సాంకేతిక సహాయముతో ఆల్విన్ తేలికరకపు లారీల తయారీకి పూనుకొని, జహీరాబాదులో కర్మాగారము నెలకొల్పెను. తెలుగునాట ప్రభుత్వమే పూనుకొని మోటారు వాహనములు తయారుచేయించిన ఉదాహరణ మిది.

ఆ పూనిక ఎక్కువకాలము సాగలేదు. ఆనాడు ప్రభుత్వము ముందున్న దారులు రెండు. ఏటేట ఖజానానుండి సొమ్ము తెచ్చి లోటు పూడ్చుట ఒకటి. పని తెలిసిన మరియొకరికి కర్మాగారమును అప్పగించుట రెండవది. లారీల విభాగమున రెండవ దారినే త్రొక్కిరి. 1980ల చివర మహీంద్ర సంస్థ ఆ కర్మాగారమును చేపట్టి, 1990లలో తనలో కలుపుకొనెను. రిఫ్రిజిరేటర్ల విభాగము వోల్టాస్ సంస్థకు పోయినది. గడియారముల విభాగము మాత్రము నిలువలేదు. నేడు బజారులో ఆల్విన్ లారీ లేదు; ఆ పేరు కూకట్‌పల్లి వైపున ఆల్విన్ కాలనీగా, మియాపూరు వైపున ఆల్విన్ కూడలిగా మిగిలినది. కాని జహీరాబాదులో వాహనముల తయారీ ఆగలేదు. నేటికిని అచ్చట మహీంద్రవారి వాహనములు, ట్రాక్టరులు తయారగుచున్నవి. పేరు పోయినది, పని మిగిలినది. రెండింటిలో ఏది మిగులుట మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ నాచారమునకు కూతవేటు దూరముననే, మౌలాలిలో కలదు. యంత్రములకు, వాహనములకు కావలసిన బేరింగులు చేయు ఇండో-నిప్పన్ ప్రెసిషన్ బేరింగ్స్ అను సంస్థను 1981లో కేంద్రప్రభుత్వ రంగమునకు చెందిన హెచ్.ఎం.టి. తీసుకొని, హెచ్.ఎం.టి. బేరింగ్స్ అని పేరు మార్చెను. ఒక ప్రభుత్వ రంగపు చేతినుండి మరియొక ప్రభుత్వ రంగపు చేతికి మారుటయే గాని, బజారులో పోటీని తట్టుకొనగల క్రొత్త బలము దానికి సమకూడలేదు. నష్టములు పేరుకొనిన పిమ్మట 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘము హెచ్.ఎం.టి. బేరింగ్స్‌తో పాటు రెండు గడియారముల సంస్థలను మూసివేయుటకు నిర్ణయించినది. ఆ మూడింటి కార్మికుల స్వచ్ఛంద విరమణకును, బకాయిలకును కలిపి సుమారు 427 కోట్ల రూపాయలు కేటాయించిరి. ఆ సొమ్ము కార్మికునికి చేరుట న్యాయమే. కాని అది యంత్రములు తిరుగు కాలమున పెట్టిన సొమ్ము కాదు. తాళము వేయుటకు పెట్టిన సొమ్ము. ఆలస్యమునకు కట్టిన వెల అది.

ఇక, ప్రభుత్వము పూనుకొని గెలిచిన ఉదాహరణ లేదా యని శ్రోతలు అడుగవచ్చును. కలదు, అది మన వీధులన్నింట తిరుగుచునే యున్నది. 1971లో సంజయ్ గాంధీ ఆధ్వర్యమున ప్రారంభమైన మారుతి సంస్థ జనులకు చౌకకారు ఇత్తునని చెప్పి, ఇయ్యలేకపోయి, ఆ దశాబ్దము ముగియునంతలో మూతపడినది. 1980లో కేంద్రప్రభుత్వము చట్టముచేసి దాని ఆస్తులను స్వాధీనపరచుకొని, 1981లో మారుతి ఉద్యోగ్ అను క్రొత్త సంస్థను స్థాపించెను. 1982లో జపాను సుజుకి సంస్థతో ఒప్పందము కుదిరినది. సుజుకికి 26 శాతము వాటా ఇచ్చిరి. 1983 డిసెంబరులో తొలి కారు బయటకు వచ్చినది. అటుపిమ్మట ప్రభుత్వము తన వాటాను మెట్టుమెట్టుగా అమ్ముకొనుచు వచ్చి, 2007లో పూర్తిగా తప్పుకొనెను.

ఈ కథను చూచి 'ప్రభుత్వము డబ్బు పెట్టినది, కంపెనీ బ్రతికినది' అనుకొన్నచో పులిని చూచి నక్క వాతలు పెట్టుకొన్నట్లగును. ఇచ్చట ప్రభుత్వము పాత కంపెనీకి ఊపిరి పోయలేదు. దాని స్థలమును, షెడ్లను తీసుకొని క్రొత్త సంస్థను కట్టినది. పని నేర్పగల భాగస్వామిని వెదకినది. ఆ భాగస్వామి సొంత సొమ్మునుగూడ పణము పెట్టించినది. కాలము వచ్చినప్పుడు తాను ప్రక్కకు తొలగినది. అన్నింటికంటె ముఖ్యముగా, జనులు క్యూ కట్టి కొనదలచిన కారు చేతిలో నున్నది. దీనికి మారుగా, అంబాసిడరు కారు చేసిన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ అనేక సంవత్సరములు ప్రభుత్వ కార్యాలయముల కొనుగోళ్ళ నీడన బ్రతికినను, కొనువారు తగ్గిపోగా 2014 మేలో ఉత్తరపాడా కర్మాగారమున పని నిలిపివేసినది. కొనువాడు లేని వస్తువును ఖజానా కాపాడజాలదు.

ఇతర దేశముల అనుభవము కూడ ఇట్లే యున్నది. బ్రిటనులో 1975లో లేలాండు సంస్థ దివాలా అంచున నిలువగా, ప్రభుత్వము దానిలో అత్యధిక వాటాను తీసుకొని విస్తారముగా ధనము పోసినది. 1988లో దానిని అమ్మివేసినది. పిమ్మట ఒక యజమాని చేతినుండి మరియొకని చేతికి పోయి, 2000లో దాని మిగులు భాగము కేవలము 10 పౌండ్లకు చేతులు మారి, 2005 ఏప్రిలులో కుప్పకూలెను. సుమారు 6,000 మంది కార్మికులు ఒక్కమారుగా వీధినపడిరి. ముప్పది సంవత్సరములు చిల్లుకుండలో నీరు పోసినట్లయినది.

అమెరికాలో మరియొక విధముగా జరిగినది. 1979లో క్రైస్లరు సంస్థకు అచ్చటి ప్రభుత్వము సొమ్ము ఇయ్యలేదు. 150 కోట్ల డాలర్ల అప్పునకు హామీ మాత్రమే నిలిచినది. అందుకు ప్రతిగా కార్మికసంఘముచేత వేతనములు, బ్యాంకులచేత వడ్డీ తగ్గింపజేసి, కంపెనీ వాటాలను ముందు నిర్ణయించిన ధరకు కొను హక్కును తీసికొనెను. 1983లో, గడువునకు ఏడేండ్ల ముందే, అప్పు తీరినది. ఆ హక్కును అమ్మగా ఖజానాకు 31 కోట్ల డాలర్లు లాభము కూడ వచ్చెను. 2009లో జనరల్ మోటార్స్ విషయమున అంత అదృష్టము లేదు. ప్రభుత్వము సుమారు 4,950 కోట్ల డాలర్లు పెట్టి, 2013 డిసెంబరులో బయటపడునప్పటికి 1,100 కోట్ల డాలర్ల దాక నష్టపోయినది. అయినను కంపెనీ అధిపతి దిగిపోవలసివచ్చినది. కంపెనీ న్యాయస్థానమున దివాలా ఎత్తినది. పాత వాటాదారుల సొమ్ము దాదాపు తుడిచిపెట్టుకొనిపోయినది. ఆడని కార్ల రకములను మూసివేసిరి. డబ్బు ఇచ్చినను యజమానులకు ఊరట ఇయ్యలేదు.

ఆ సందర్భమున జరిగిన రెండు సంగతులు నాచారమువారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినవి. తనకు అట్టి సహాయము పుచ్చుకొనని ఫోర్డు సంస్థ, తన ప్రత్యర్థులైన జనరల్ మోటార్సును, క్రైస్లరును కాపాడవలసినదని అమెరికా శాసనసభ ముందు వాదించినది. ప్రత్యర్థిపై అంత ప్రేమ ఎందులకు? మూడు కంపెనీలకును విడిభాగములు చేసి ఇచ్చు చిన్న కర్మాగారములు చాలవరకు ఒక్కటియే కనుక. ఒక కంపెనీ కూలి దాని బిల్లులు ఎగిరిపోయినచో ఆ చిన్నవారు మునుగుదురు; వారు మునిగినచో ఫోర్డు కార్లు కూడ ఆగిపోవును. రెండవ సంగతి, అమెరికా ప్రభుత్వము 2009 మార్చిలో విడిభాగముల తయారీదారుల బిల్లులు ఆగకుండుటకు 500 కోట్ల డాలర్ల వరకు ప్రత్యేకముగా కేటాయించినది. పెద్ద చెట్టును నిలబెట్టునపుడు దానిపై గూడుకట్టిన పక్షులనుగూడ లెక్కించినారన్నమాట.

మన చట్టములు ఆ పక్షులను ఎట్లు లెక్కించుచున్నవో చూతము. నాచారములో ఎనిమిదిమంది పనివాండ్రుతో నడుచు ఒక షెడ్డు ఉన్నదనుకొందము. అది ఒక వాహనముల కంపెనీకి మూడునెలలుగా భాగములు చేసి పంపినది. 12 లక్షల రూపాయల బిల్లు రావలసియున్నది. అంతలో కంపెనీ దివాలా ఎత్తినది. ఉక్కు అమ్మిన వర్తకుడు ఆగడు. లేతు మిషనుపై తీసికొన్న అప్పునకు నెలకిస్తు ఆగదు. శనివారమునాడు కూలికొరకు వచ్చు ఎనిమిది మంది ఆగలేరు.

2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము చిన్నవాని బిల్లును 45 దినములలోపల చెల్లించవలెను. జాప్యమైనచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇయ్యవలెను. చట్టము మంచిదే. కాని రేపును పని ఇయ్యవలసిన కంపెనీపై నేడు ఫిర్యాదు చేయుటకు ఎంతమందికి ధైర్యముండును? కంపెనీ కూలిన పిమ్మట 2016 నాటి దివాలా చట్టము వచ్చును. ఆస్తులను అమ్మి పంచవలసివచ్చినపుడు, ఆ పంపకపు ఖర్చులు పోగా, కార్మికుల 24 నెలల బకాయి జీతములకును, తాకట్టుపెట్టుకొని అప్పిచ్చినవారికిని సమానస్థానము కలదు. ఇది కార్మికునికి పెద్ద రక్షణ. సరుకు అరువిచ్చిన మన షెడ్డువాని స్థానము మాత్రము వరుసలో చాల క్రిందనున్నది. వాటాదారులకు కొంచెము పైన. పైవారందరు తిని లేచిన పిమ్మట ఆకులో ఏమి మిగులునో ఊహించుకొనవచ్చును. ఆ షెడ్డు మూతపడినచో అందలి ఎనిమిది మందికి కంపెనీ ఇచ్చు నష్టపరిహారము ఉండదు. వారి పేర్లు ఆ కంపెనీ హాజరుపట్టీలో లేవు. వారు ఇ.ఎస్.ఐ. సభ్యులైనచో 2018లో ప్రారంభమైన నిరుద్యోగభృతి పథకము కొంత ఆదుకొనును. 2020లో ఆ భృతిని సగటు వేతనములో సగమునకు పెంచిరి. అదియు 90 దినములకు మించదు. నాచారములోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి యున్నను, అందలి చీటీ హక్కు కూడ చందా కట్టినవానికే కదా.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి మా అభిప్రాయమును దాపరికము లేకుండ చెప్పుదుము. మునుగుచున్న కంపెనీ ప్రభుత్వము తలుపు తట్టినపుడు నాలుగు ప్రశ్నలు వేయవలెను. మొదటిది, ఈ కంపెనీ చేయు వస్తువును కొనువారున్నారా? తాత్కాలికమైన కరవు వలన బేరము తగ్గినదా, లేక వస్తువే పాతబడినదా? రెండవది, యజమానులు, అప్పిచ్చిన పెద్దలు తమవంతు నష్టమును ముందుగా భరించినారా? మూడవది, ప్రజల సొమ్మునకు ప్రతిగా ప్రజలకు వాటా గాని, హామీ గాని కలదా. ప్రభుత్వము తప్పుకొను గడువు వ్రాతలో నున్నదా? నాల్గవది, ఇచ్చు సొమ్ములో మొదటి రూపాయి కార్మికుని జీతమునకును, చిన్నవాని బిల్లునకును పోవునా? ఈ నాలుగింటికి 'అవును' అను సమాధానము వచ్చినచో సహాయము చేయుట ధర్మము. ఏ ఒక్కదానికి 'కాదు' అని వచ్చినను ఆ సొమ్మును కంపెనీకి గాక నేరుగా మనుష్యులకు ఇచ్చుట మేలు. భృతి, క్రొత్త పనిలో శిక్షణ, ఆగిన బిల్లులపై చిన్న షెడ్లకు తక్కువవడ్డీ అప్పు – ఇవి కంపెనీ చచ్చినను మనిషిని బ్రతికించును.

దీనికొక గట్టి ఆక్షేపణ కలదు. 'కంపెనీ మూతపడిన పిమ్మట శిక్షణ ఇచ్చి ఏమి ప్రయోజనము? నలుబదియైదేండ్ల టర్నరు కంప్యూటరు ముందు కూర్చుండునా?' అని అడుగువారి మాటలో నిజము లేకపోలేదు. చేతిపని ఒక్కచోట కూడియున్నప్పుడే దానికి బలము; చెదరిపోయినచో మరల కూర్చుట కష్టము. అందుచేతనే సహాయము ఆలస్యము కారాదని మేము చెప్పుట. మౌలాలి అనుభవము నేర్పిన పాఠ మిదియే. కొనువారు తగ్గుచున్న తొలి సంవత్సరములలోనే, యంత్రములు ఇంకను తిరుగుచుండగా, పనివాండ్రు ఇంకను కలిసియుండగా కర్మాగారమును సమర్థుల చేతికి మార్చవలెను. జహీరాబాదు మిగిలినది అందువలననే. తాళము పడిన పిమ్మట ఎన్ని కోట్లు వెచ్చించినను కొనునది వీడుకోలు మాత్రమే.

మరియొక మాట. లాభము వచ్చినపుడు 'నాది', నష్టము వచ్చినపుడు 'ఊరిది' అను వ్యాపారనీతిని ప్రజాధనముతో పోషింపరాదు. ఒక్కసారి అట్లు పోషించినచో రెండవసారి యజమాని జాగ్రత్తపడడు. మూడవసారి అతడు అడుగకమునుపే సొమ్ము సిద్ధము చేయవలసివచ్చును. అట్లని నష్టపోయిన ప్రతి కంపెనీని మార్కెట్టుకు వదలివేయవలెననుటయు తొందరపాటే. వరదలో ఇల్లు కొట్టుకొనిపోవుచున్నపుడు ఇంటిని ఎవరు కట్టినారో విచారించుట తరువాతిమాట. లోపలివారిని ముందు బయటకు తేవలెను.

ప్రభుత్వము ఫలానా వాహన సంస్థకు ఇన్ని కోట్లు ఇచ్చినదను వార్తను మనము ఇకముందును రేడియోలో వినుచునే యుందుము. విన్నప్పుడు ఆ సంస్థ పేరుతో ఆగక, ఆ సొమ్ము ఎవరి ఇంటికి చేరుచున్నదని అడుగుదము. నాచారములో శనివారము సాయంకాలము కూలి అందుకొని ఇంటికి పోవు ఫిట్టరు చేతిలో ఆ రూపాయి కనబడినచో అది కాపాడుట. కనబడనిచో, ఎంత పెద్ద పేరు నిలిచినను, అతని జేబునుండి తీసికొన్న సొమ్ము అతనికి తిరిగిరాలేదనియే అర్థము.